పరేల్ డాక్టరమ్మ లూసీ విల్స్

ఫోలిక్ యాసిడ్ అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, తన బృందంతో కలిసి 1945లో ఆ మందుని ప్రయోగశాలలో తయారు చేశారు. ఆయన మనవాడని చెప్పుకోవడం మనకి గర్వంగా ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ మందు కథ అంతకు పదిహేడేళ్ళ ముందే మన ముంబయిలో, పరేల్‌లో మొదలైంది. మొదలుపెట్టింది ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ. ఆమె పేరు లూసీ విల్స్.

ఈ సంచికకి నేను ఆమె జీవితాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆమె పనిచేసింది ఈ నగరంలోని పేద ఆడవాళ్ళ కోసం. మిల్లుల చుట్టూ బతికిన కుటుంబాలు, మన తెలుగు చాల్‌లు ఆమె ప్రయోగశాలకి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. రెండోది, పరీక్షలు దగ్గరపడితే చాలు, మెదడు పెంచే గోళీ, జ్ఞాపకశక్తికి టానిక్, సరస్వతీ ఆకు అంటూ మన మధ్య మాటలు మొదలవుతాయి. మందులతో మెదడులో కొత్త కణాలు పుట్టించవచ్చా అనే ప్రశ్న శాస్త్రంలో నిజంగానే ఉంది. మెదడు ఏర్పడడం గురించి ఇప్పటిదాకా దొరికిన గట్టి జవాబుల్లో ఒకటి లూసీ విల్స్ పని మీద నిలబడి ఉంది. ఆ జవాబు వచ్చేనాటికి ఆమె బతికి లేరు.

ఆలస్యంగా మొదలైన డాక్టరు చదువు

లూసీ విల్స్ 1888 మే 10న ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర సట్టన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. వాళ్ళ కుటుంబానిది కొడవళ్ళు, గడ్డి కోసే కత్తులు తయారుచేసే వ్యాపారం. తండ్రి సైన్సు చదివినవాడు. తల్లి ఒక డాక్టరు గారి కూతురు. ఇంట్లోనే చదువు గాలి ఉంది కాబట్టి ఆడపిల్లకి సైన్సు ఎందుకనే మాట ఆమె పెద్దగా పడలేదనుకుంటాను. ఆడపిల్లలకి లెక్కలు, సైన్సు నేర్పిన తొలి బోర్డింగ్ స్కూళ్ళలో ఒకటైన చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో చేరారు. తర్వాత 1907లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీకి వెళ్ళి వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు.

ఇక్కడ మనలాంటి ఆడపిల్లలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలో అమ్మాయిలు అన్ని పరీక్షలూ రాయొచ్చు, పాసవ్వొచ్చు, డిగ్రీ మాత్రం ఇవ్వరు. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకి పూర్తి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. అంటే లూసీ పరీక్ష పాసైన చాలా ఏళ్ళకి, ఆమెకి అరవై ఏళ్ళు వచ్చాక.

చదువు అయిపోయే సమయానికి ఇంట్లో వరుసగా దుఃఖాలు. 1911లో తండ్రి పోయారు. 1913లో అక్క పోయింది, ఆమెకి అప్పుడు ఇరవై ఆరేళ్ళే. ఆ ఏడాది లూసీ తల్లితో కలిసి సిలోన్ వెళ్ళారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా వెళ్ళారు. అక్కడ స్నేహితురాలితో కలిసి ఫ్రాయిడ్ సిద్ధాంతాల గురించి ఆసక్తిగా చదివేవారట. మనిషి మనసు ఎలా పనిచేస్తుంది అన్నది అప్పట్లో ఆమెకి పెద్ద ప్రశ్న. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కేప్‌టౌన్‌లో ఒక ఆస్పత్రిలో జీతం లేకుండా నర్సు పని చేశారు. రోగుల మధ్య గడిపిన తర్వాత ఇంగ్లండ్ తిరిగొచ్చి, 1915 జనవరిలో, ఇరవై ఆరేళ్ళ వయసులో లండన్ స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. డాక్టరు పట్టా వచ్చేసరికి 1920. అప్పటికి ఆమె వయసు ముప్పై రెండు. ఇంత ఆలస్యమా అని ఎవరో ఒకరు అనే ఉంటారు.

ఆ కాలేజీకి ఇండియాతో మంచి సంబంధం ఉండేది. తర్వాతి కాలంలో ముంబయిలోని కామా ఆస్పత్రిని నడిపించిన డాక్టర్ జెరూషా ఝిరాద్ ఆ రోజుల్లో అక్కడ చదివినవారే. లూసీ విల్స్ ప్రాక్టీసు పెట్టుకోలేదు. రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో పాఠాలు చెబుతూ, గర్భవతుల శరీరంలో వచ్చే మార్పుల మీద పరిశోధన చేశారు. ఆ పనే ఆమెని ఇండియాకి రప్పించింది.

1928 నాటి బొంబాయి

కామాఠిపురా అనే పేరు చెప్పగానే చాలామంది మొహం మరోలా పెడతారు. కానీ ఆ పేరు మన వాళ్ళ చెమటలోంచి వచ్చింది. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి, రోడ్లు వేసి, ఇళ్ళు కట్టిన తెలుగు కూలీలని ఇక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు. 18వ శతాబ్దం చివరి నుంచి వాళ్ళు ఉంటూ వచ్చిన పేట కామాఠిపురా అయింది. తర్వాత మగ్గం పని తెలిసిన పద్మశాలీలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి బట్టల మిల్లుల్లో పనికి వచ్చారు. లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి చాల్‌లలో స్థిరపడ్డారు. 1920లలో ప్రభుత్వం కట్టించిన బీడీడీ చాల్‌లలో కుటుంబానికి ఒక్క గది. వంట, పడక, పిల్లల చదువు అన్నీ ఆ గదిలోనే. మరుగుదొడ్డి మాత్రం అందరికీ కలిపి. మా ఇంట్లో తెలుగు, మరాఠీ రెండూ కలిసిపోవడానికి కూడా ఇలాంటి వరండాలే కారణం.

లూసీ విల్స్ ఇండియాకి వచ్చిన 1928లోనే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు నెలల పాటు పెద్ద సమ్మె చేశారు. జీతం లేని ఆరు నెలలు ఒక్క గది ఇంట్లో ఎలా గడిచి ఉంటాయో మన ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. 1982 సమ్మెని చూసినవాళ్ళు కదా. తిండి తగ్గితే ముందుగా తగ్గేది ఇంటి ఆడదాని పళ్ళెంలోనే.

ఆ కాలంలో ఇక్కడి గర్భవతుల్లో ఒక రక్తహీనత కనిపించేది. మనిషి పాలిపోవడం, కాళ్ళు వాయడం, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. చాలామంది కాన్పు ముందో, కాన్పు తర్వాతో చనిపోయేవారు. వాళ్ళ రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్ర కణాలు బాగా తక్కువగా ఉండేవి, కానీ ఉన్నవి మామూలు కంటే పెద్దవిగా ఉండేవి. తల్లుల మరణాల మీద ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ ఒక విచారణ మొదలుపెట్టింది. డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ పిలుపుతో లూసీ విల్స్ ఆ పనికి వచ్చి, పరేల్‌లోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నారు. లోయర్ పరేల్ చాల్‌ల నుంచి అది నడిచి వెళ్ళేంత దూరం. కామాఠిపురా నుంచి ఐదారు కిలోమీటర్లు.

పళ్ళెంలో దొరికిన జవాబు

మొదట ఆమె ఏదైనా క్రిమి వల్ల ఈ జబ్బు వస్తోందేమో అని వెతికారు. అలాంటిదేమీ కనపడలేదు. అప్పుడు రోగుల పళ్ళెంలోకి చూశారు. బొంబాయిలోని వేరువేరు వర్గాల ఆడవాళ్ళు ఏం తింటున్నారో లెక్క రాశారు. ఎవరి తిండి ఎక్కువ లోపంగా ఉందో వాళ్ళలోనే జబ్బు ఎక్కువగా ఉందని తేలింది. ఆ లెక్కలో అందరికంటే ఎక్కువ బాధపడింది పేద ముస్లిం స్త్రీలు. జబ్బు మూలం ఒంట్లో దూరిన క్రిమి కాదని, ఒంటికి అందని ఏదో పదార్థమని ఆమెకి నమ్మకం కుదిరింది.

దాన్ని నిరూపించడం అంత తేలిక కాలేదు. అలాంటి తిండే ఎలుకలకి పెట్టి చూశారు. వాటికి రక్తహీనత వచ్చింది. ఈస్ట్ కలిపితే రాలేదు. బాగుందనుకునేలోపు, ఆ ఎలుకల్లో పేల ద్వారా పాకే ఒక క్రిమి కూడా ఉందని బయటపడింది. లెక్క తప్పింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి కోతులతో. ఏ చికిత్సకీ లొంగని ఒక కోతికి మార్మైట్ పెడితే అది లేచి కూర్చుంది. మార్మైట్ అంటే బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్‌తో చేసే నల్లటి, ఉప్పటి ముద్ద. ఇంగ్లండ్‌లో రొట్టె మీద రాసుకుని తింటారు. చవకది.

దాన్నే రోగులకి ఇచ్చారు. నాలుగో రోజుకల్లా ఆకలి తిరిగొచ్చింది, రక్తంలో కొత్త కణాలు కనపడటం మొదలైంది. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడాదే ఆమె మద్రాసులోని గోషా ఆస్పత్రిలో కూడా పనిచేశారు. సుబ్బారావు గారు వైద్యం చదువుకున్న ఊరే అది. ఆయన అప్పటికి తొమ్మిదేళ్ళ క్రితమే ఆ ఊరు వదిలి బోస్టన్ చేరారు.

లూసీ విల్స్ ఇంకో ముఖ్యమైన విషయం పట్టుకున్నారు. పాశ్చాత్య దేశాల్లో కనిపించే మరో రకం రక్తహీనతకి అప్పటికే కాలేయం సారం మందుగా వాడుతున్నారు. దాన్ని బాగా శుద్ధి చేసి ఇస్తే అక్కడివాళ్ళకి పనిచేసింది, ఇక్కడి గర్భవతులకి పనిచేయలేదు. మార్మైట్ మాత్రం పనిచేసింది. అంటే ఇవి రెండు వేరువేరు పదార్థాలు. ఒకటి తర్వాత బి12 అయింది. రెండోదానికి పేరు లేదు కాబట్టి కొన్నాళ్ళు దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు. పరిశోధన పత్రాల్లో రోగుల పేర్లు రాయరు. రక్తం ఇచ్చిన ఆ తల్లులు అంకెలుగానే మిగిలిపోయారు.

సుబ్బారావు గారి దగ్గరికి

1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని చిటికెడంత తీశారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి, ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లూసీ విల్స్ వెతికింది దీన్నే. ఇలా టన్నుల లెక్కన ఆకుకూర పిండుతూ కూర్చుంటే ఎంతమందికి మందు అందుతుంది? లెడర్లే కంపెనీలో పరిశోధనకి నాయకత్వం వహిస్తున్న సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని రసాయనాలతో తయారు చేసి ఆ సమస్య తీర్చింది.

సుబ్బారావు గారికి ఇది సొంత బాధ కూడా. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి మనిషి కృశించే జబ్బు అది. ఫోలిక్ యాసిడ్ వచ్చాక స్ప్రూకి కూడా అదే మందు అయింది. తమ్ముళ్ళని, అన్నలని కాపాడుకోలేని మనిషి ఆ మందు తయారీకి ముందు నిలబడ్డాడంటే ఏదో తెలియని తృప్తిగా ఉంటుంది.

ఇంతకీ ఫోలిక్ యాసిడ్ ఏం చేస్తుంది? ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు రాసుకోవాలి. ఆ నకలు రాయడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది లేకపోతే కణం ఉబ్బుతుంది కానీ విడిపోదు. ఆ బొంబాయి తల్లుల రక్తంలో కనిపించిన పెద్ద పెద్ద కణాల రహస్యం ఇదే. సుబ్బారావు గారి బృందం దీన్ని తిరగేసి కూడా వాడింది. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందులు తయారు చేస్తే, అదుపు లేకుండా పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయి కదా. అలా తయారైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఇచ్చారు. ఈ రోజుకీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో యాభై మూడేళ్ళకే కన్నుమూశారు.

రక్తం నుంచి మెదడుకి

లూసీ విల్స్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాక రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో 1947 దాకా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఆస్పత్రి మీద బాంబు పడింది. అలాంటి రోజుల్లోనే ఆమె అక్కడ రక్త పరీక్షల విభాగాన్ని నిలబెట్టారు. సైకిల్ మీద ఆస్పత్రికి వెళ్ళేవారు. కొండలెక్కడం, తోటపని ఆమెకి ఇష్టం. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా తిరిగి పేదల తిండి, రక్తహీనతల మీద పనిచేశారు. చివరి ఏళ్ళలో లండన్‌లోని చెల్సీలో లేబర్ పార్టీ కౌన్సిలర్‌గా ఉన్నారు. 1964 ఏప్రిల్ 16న మరణించారు.

మరుసటి ఏడాది, 1965లో, ఇంగ్లండ్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక కొత్త మాట అన్నారు. తల్లికి ఫోలిక్ యాసిడ్ అందకపోవడానికీ, బిడ్డ మెదడు, వెన్ను సరిగ్గా ఏర్పడకపోవడానికీ సంబంధం ఉండొచ్చని. పిండంలో మెదడు మొదట ఒక పలక లాంటి రేకుగా ఉండి, తర్వాత గొట్టంలా మూసుకుంటుంది. ఆ గొట్టమే పైభాగంలో మెదడు, కింద వెన్నుపాము అవుతుంది. అక్కడ కణాలు చాలా వేగంగా రెట్టింపు కావాలి. పైన మూసుకోకపోతే బిడ్డకి మెదడు ఏర్పడదు, బతకదు. కింద మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని పుడుతుంది.

ఈ అనుమానం తేలడానికి 1991 దాకా పట్టింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో 1817 మంది స్త్రీలతో ఒక పరీక్ష జరిపింది. అంతకు ముందు కాన్పులో ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్ళు వాళ్ళంతా. గర్భం రాకముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్ళలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఒకప్పుడు మనసు గురించి తెలుసుకోవాలనుకుని రక్తం వైపు వెళ్ళిపోయిన మనిషి పని, ఆమె పోయాక ఇలా మెదడు దగ్గరికే చేరింది.

మరి పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుడతాయా? ఎలుకల్లో పుడతాయని జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే చూపించారు. మనుషుల్లో కూడా, జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోకాంపస్ అనే చోట పుడతాయని 1998లో ఒక పరిశోధన చెప్పింది. ఎంతవరకు అన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు ఎలుకల్లో ఈ కొత్త కణాలని పెంచుతాయని 2000 సంవత్సరంలో తేలింది. మన ముంబయిలోనే, కొలాబాలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్ విదితా వైద్య ఈ విషయం మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ఫోలిక్ యాసిడ్ తక్కువగా ఉన్న తిండి పెడితే ఎలుకల మెదడులో ఈ కణాలు రెట్టింపు కావడం తగ్గుతుందని కూడా చూశారు. అయితే ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి పరీక్షల ముందు వేసుకుంటే తెలివి పెరిగే గోళీ మాత్రం ఏదీ లేదు. ఇటుకలు ఉంటేనే ఇల్లు లేస్తుంది. ఇటుకలు కుప్పలు పోసినంత మాత్రాన మేడ అయిపోదు.

మన సంగతి

ఇదంతా మనకెందుకంటే, ఆ మెదడు గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. తెలిసి, ఆస్పత్రికి వెళ్ళి, పేరు రాయించుకుని, గోళీలు తెచ్చుకునేసరికి ఆ పని అయిపోతుంది. అందుకే పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందునుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర పెళ్ళికి చీరలు, సామాను, హాలు అన్నీ ఆరు నెలల ముందు నుంచి చూస్తారు. ఈ గోళీ సంగతి ఎవరూ ఎత్తరు.

స్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో వారానికోసారి ఇచ్చే నీలం గోళీలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది రక్తహీనత కోసం. రోజువారీ గోళీకి బదులు కాదు. ఆ గోళీ వేసుకుంటే పుట్టే పిల్లలు నల్లగా పుడతారని, వేడి చేస్తుందని అరల్లో దాచేయడం, కిటికీలోంచి పారేయడం మన బిల్డింగుల్లో మామూలే. పాలకూర, తోటకూర, మెంతికూర, శనగలు, పెసలలో కూడా ఇది ఉంటుంది. కాకపోతే కూరని గంటసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే, ఉన్నదాంట్లో చాలా భాగం నీళ్ళతో పోతుంది. మూర్ఛకి మందులు వాడేవాళ్ళు, ముందు కాన్పులో ఇబ్బంది వచ్చినవాళ్ళు డాక్టర్ని అడిగే మోతాదు తెలుసుకోవాలి. ఊరికే ఎక్కువ మోతాదులు మింగడం కూడా మంచిది కాదు. బి12 లోపం ఉన్నవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. రెండూ వేరని లూసీ విల్స్ అప్పుడే పట్టుకున్నారు కదా.

మన క్లాసులో ఈ ఏడాది పెళ్ళి కుదిరినవాళ్ళున్నారు. చాలామంది ఇళ్ళలో అక్కలు, వదినలు ఉన్నారు. ఈ గోడ ముందు నిలబడి ఇంతదాకా చదివినవాళ్ళు ఇంటికెళ్ళాక వాళ్ళలో ఒక్కరికైనా ఆ 28 రోజుల లెక్క చెప్పండి. అమ్మమ్మల కాలంలో ఈ నగరంలోనే తల్లుల రక్తంలోంచి తెలిసిన సంగతి ఇది. మన చాల్ మెట్లు ఎక్కి మన గదిలోకి రావడానికి ఇంకా ఆలస్యం ఎందుకు?